మంచుమీద తెప్ప

మంచు అంటే మా పరవాడలో ధనుర్మాసపు తెల్లవారుజామున చెరువుగట్టు మీద పరుచుకునే పొగమంచే. పొద్దు బారెడు ఎక్కేసరికి అదీ ఉండదు. ఇంకాస్త చలి కావాలనుకున్నవాళ్ళు లంబసింగి వెళ్ళి, అక్కడ చలిమంట కాచుకుని, కాశ్మీరు చూసొచ్చినంత సంబరంతో తిరిగొస్తారు. అల్లాంటి ఊరివాడు, అందులోనూ తెలుగు పంతులు, నలభై ఆరో ఏట మంచుకొండ మీద కాళ్ళకి పలక కట్టుకుని జారడం నేర్చుకున్నాడంటే పాఠకులకి నవ్వు రావడం సహజం. మా కళాశాలలో అందరూ నవ్వేరు. మీరూ నవ్వండి, ఆ తరవాత మీ పిల్లలతో ఒకసారి వెళ్ళి రండి.

ఈ పలకని స్నోబోర్డు అంటారు. స్కీయింగులో కాలికొక బద్ద, చేతికొక కర్ర ఉంటాయి. ఇందులో ఒక్కటే పలక. దానికి అడ్డంగా పాదాలు రెండూ బిగించేస్తారు. చేతులకి ఊతం ఏమీ ఉండదు. దీని పుట్టుకలో సముద్రం కలిసి ఉంది. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన, కూతుళ్ళు ఆడుకోవడానికి రెండు స్కీబద్దలు పక్కపక్కని చేర్చి బిగించేడు. కెరటాల మీద పలకతో జారే సర్ఫింగు మంచుమీదికి వచ్చినట్టు ఉందని ఆయన భార్య దానికి 'స్నర్ఫర్' అని పేరు పెట్టింది. స్నో, సర్ఫ్ కలిస్తే స్నర్ఫ్ ఎల్లా అయిందో మన సంధి సూత్రాల్లో వెతక్కండి, దొరకదు. ఆ ఆటవస్తువే పెరిగి పెద్దదై, 1998లో జపానులోని నగానోలో ఒలింపిక్ క్రీడ అయి కూచుంది. మన దేశంలో 2020లో మొదలైన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లోనూ దీనికి చోటుంది. ఆ క్రీడలు జరిగే చోటుల్లో గుల్మార్గు ఒకటి. మేము వెళ్ళింది అక్కడికే.

నేర్చుకోవాలన్న ముచ్చట నిజానికి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయిది. నేను డబ్బు కట్టి, ఒడ్డున నిలబడి చూద్దామనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఏవండీ, పిల్లని ఒక్కర్తినీ ఆ చెక్కకి కట్టేసి కొండమీంచి తోసేస్తారా? మీరూ దిగండి" అంది. అల్లా దిగేను.

విశాఖనించి ఢిల్లీకి రైలు, అక్కణ్ణించి శ్రీనగరుకి విమానం. శ్రీనగరునించి గుల్మార్గు సుమారు 50 కిలోమీటర్లు. టంగ్‌మార్గు దగ్గర కారు చక్రాలకి ఇనప గొలుసులు తగిలించేరు. అక్కణ్ణించి దేవదారు చెట్ల మధ్య మెలికలు తిరిగే ఘాటు రోడ్డు. చెట్టుచెట్టుకీ కొమ్మకొమ్మకీ మంచు. గుల్మార్గు సుమారు 8,700 అడుగుల ఎత్తు. సముద్రమట్టాన పుట్టిన మా ఊపిరితిత్తులు నాలుగు మెట్లు ఎక్కగానే ఆ సంగతి గుర్తు చేసేయి. మొదటి రోజు ఏమీ చెయ్యకుండా విశ్రాంతి తీసుకోవడం మంచిది.

కాశ్మీరులో డిసెంబరు 21 నించి 40 రోజుల గడ్డుచలిని చిల్లై కలాన్ అంటారు. అది వెళ్ళేక ఫిబ్రవరిలో మేము వెళ్ళేము. అక్కడివాళ్ళు ఫెరన్ అనే వదులు అంగీ తొడుక్కుని, దాని లోపల నిప్పుల కుంపటి పట్టుకు తిరుగుతారు. ఆ కుంపటి పేరు కాంగ్రీ. మనం పొగమంచునీ, మంచుబిందువునీ, మంచుగడ్డనీ ఒక్క 'మంచు'తోనే సరిపెట్టుకుంటాం. అవసరం లేని చోట భాష పొదుపు చేస్తుంది గాబోలు. చేపల పేర్లలో మాత్రం మావాళ్ళు ఆ పొదుపు పాటించరు.

మంచు ఉంటుందని గుడ్డిగా వెళ్ళడానికి వీల్లేదు సుమండీ. 2024 జనవరిలో అక్కడ కొండవాలంతా ఎండుగడ్డే కనిపించింది. 2025లో మంచు చాలక ఫిబ్రవరి క్రీడలు మార్చికి వాయిదా పడ్డాయి. ముందు వాతావరణం కనుక్కుని మరీ టిక్కెట్లు కొనుక్కోండి. బూట్లూ, బోర్డూ అక్కడే అద్దెకి దొరుకుతాయి. పిల్లలకి శిరస్త్రాణం తప్పనిసరి.

మాకు నేర్పిన కాశ్మీరీ కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. మొదటి పాఠం మొదలవకముందే వెనకనించి నన్ను మెల్లగా తోసేడు. తూలి, కుడికాలు ముందుకి వేసేను. "గూఫీ" అన్నాడు. మా అమ్మాయి పక్కున నవ్వింది. అది తిట్టు కాదట. పలకమీద ఎడమకాలు ముందు పెట్టేవాళ్ళు రెగ్యులర్, కుడికాలు ముందు పెట్టేవాళ్ళు గూఫీ. గడపలో కుడికాలు ముందు పెట్టమన్న మన పెద్దల లెక్కన రెగ్యులర్‌ని నేనే గదా అన్నాను. అతనికి అర్థం కాలేదు.

రెండో పాఠం పడడం. ముందుకి పడితే అరచేతులు ఆనించకూడదు. పిడికిళ్ళు బిగించి ముంజేతులమీద పడాలి. కొత్తవాళ్ళకి మణికట్టు విరగడం మామూలుట. వెనక్కి పడితే గెడ్డం గుండెకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి దొర్లాలి. ఇరవై రెండేళ్ళనించి పాఠాలు చెబుతున్నాను. పడడం ముందు నేర్పి, నిలబడడం తరవాత నేర్పే బడి ఇదొక్కటే చూసేను.

మూడో పాఠం అంచు. పలక చుట్టూ ఉక్కు అంచు ఉంటుంది. మడమలమీద బరువు వేస్తే వెనక అంచు మంచులో దిగి బండి ఆగుతుంది. కొంచెం సడలిస్తే జారుతుంది. వాలుకి అడ్డంగా నిలబడి, రాలుటాకు ఊగినట్టు అటూ ఇటూ ఊగుతూ దిగాలి. పలక బల్లపరుపుగా ఉండి, దిగువ అంచు మంచులో గుచ్చుకుందో, మనిషి బోర్లా పడ్డట్టే. మొదటి రోజు పద్ధెనిమిదిసార్లు పడ్డాను. లెక్కపెట్టింది మా ఆవిడ.

నాలుగో పాఠం దగ్గర నా బండి ఆగిపోయింది. పలక ముక్కు దిగువకి తిప్పి జారాలంటే బరువు ముందుకాలి మీద వెయ్యాలి. లోయ కనబడగానే ఒళ్ళు వెనక్కి వాలిపోతుంది. వాలితే ముక్కు తేలిపోయి పలక మన మాట వినదు. "భయం వేసిన వైపుకే వాలండి సాబ్" అన్నాడు కుర్రాడు. చెప్పడం తేలిక. మా అమ్మాయి రెండో రోజే తిరగడం నేర్చుకుంది. నేను మూడో రోజు మధ్యాహ్నందాకా వాలు మధ్య కూచునే ఉన్నాను.

ఆ కూచోడంలో మా నాన్న గుర్తుకొచ్చేడు. మా నాన్నది పరవాడ మండలంలోనే ముత్యాలమ్మపాలెం, సముద్రపు ఒడ్డు. ఈనాడు ఇంజను పడవలు ఎక్కువ గానీ, ఆయన వయస్సులో తెప్పే బతుకు. నాలుగు దుంగలు తాడుతో కట్టి, తెడ్డు పట్టి, ఎదురుగా విరిగే కెరటాల వరస దాటాలి. ఒకసారి మా పెదనాన్న తెప్పమీద వెళ్ళి తిరిగి రాలేదు. అప్పణ్ణించి మా నాన్న నన్ను తెప్ప ముట్టుకోనివ్వలేదు. పుస్తకాలు కొనిచ్చి పరవాడ బడిలో వేసేడు. అల్లా నేను పంతుల్నయ్యేను. కెరటం దాటడం తెలియనివాళ్ళలో మా వంశానికి మొదటివాణ్ణీ అయ్యేను. అందుకు నాకు చింత లేదు గానీ, తెప్ప మాట మా ఇద్దరి మధ్యా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

మూడో రోజు సాయంత్రం ఎండ పసుపురంగులోకి తిరిగే వేళకి లేచి నిలబడ్డాను. మోకాళ్ళు వంచి, భుజాలు ముందుకి వేసి, ముందుకాలు నొక్కేను. పలక విన్నది. ఒక వంపు, ఇంకొక వంపు. చెవుల్లో గాలి, కింద మెత్తని చప్పుడు. అరవై గజాలు వెళ్ళి ఉంటాను. తరవాత పడ్డాననుకోండి, అది వేరే సంగతి. మర్నాడు తీగబండి ఎక్కి కోంగ్‌డోరి దాకా వెళ్ళి కొండలు చూసేము. దాని రెండో అంచె అఫర్వాట్ కొండమీద సుమారు 13,000 అడుగుల దాకా వెళ్తుంది. అక్కణ్ణించి దిగే వాలులు ఆరితేరినవాళ్ళవి, మనవి కావు.

ఇంటికొచ్చేక మా అమ్మాయి ఫోనులో తీసిన బొమ్మ తాతకి చూపించింది. మా నాన్నకి ఎనభై దాటేయి. ఫోను దూరంగా పట్టుకుని చూసేడు.

"పడితే లోతెంత?" అన్నాడు.

"లోతు లేదు నాన్నా, అంతా మంచే."

"అయితే సరే." మళ్ళీ చూపించమన్నాడు. నేను కూచుండిపోయిన చోటు రాగానే, "వెనక్కి వాలిపోతన్నావు. వెనక్కి వాలినోణ్ణి కెరటం తిరగేసేత్తాది. ముందుకి ఒంగి ఎదురెళ్ళాల" అన్నాడు. అది కాశ్మీరు కుర్రాడు చెప్పిన మాటే. మా నాన్న చెప్పడానికి ముప్ఫయి అయిదేళ్ళు పట్టింది.

వచ్చిన ఆదివారం మనవరాలిని వెంటబెట్టుకుని ముత్యాలమ్మపాలెం ఒడ్డుకి వెళ్ళేడు. చేతికర్రతో చూపిస్తూ, ఏ కెరటం పోనివ్వాలో, ఏ కెరటానికి ఎదురెళ్ళాలో పొద్దు గూకేదాకా చెప్పేడు. నన్నూ పిలిచి పక్కని కూచోబెట్టుకున్నాడు. నీళ్ళలోకి మాత్రం ఇద్దరిలో ఎవర్నీ దిగనివ్వలేదు.