పేటకో గురుతు

అనంతపురం జిల్లాలోని మా పామిడిలో ఇల్లెక్కడో చెప్పాలంటే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. "పెన్న ఒడ్డున భోగేశ్వరుని గుడి ఉంది కదప్పా, ఆడికొచ్చి ఎవుర్నడిగినా సెప్తారు" అంటారు. ఆ గుడి తెలియని మనిషి కూడా ఉంటాడన్న అనుమానం ఆ మాటలో ఉండదు. గుడి, ఏరు, బస్టాండు, బట్టలంగళ్ల బజారు తెలిస్తే చాలు, ఊరంతా తెలిసినట్టే. అనంతపురంలో దిగితే గడియారస్తంభం. గుత్తికి పోతే కొండమీది కోట. ఆ కోట ఆమడ దూరం నుంచే కనబడుతుంది కాబట్టి దాన్ని ఎవరూ మరిచిపోలేరు. నా దిగులంతా కొండెక్కని గురుతుల గురించి. సందు మొదట్లో ఉండే బావి, నాలుగు దారుల నడుమ ఉండే అరుగు, మూతబడిన టాకీసు, పాత సత్రం లాంటివాటి గురించి.

మా ఊరి పిల్లలు బతుకుతెరువు కోసం 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణానికి పోతే బెంగళూరు, ఉత్తరానికి పోతే హైదరాబాదు. నేను ఉత్తరానికి పోయాను. కొత్తగా వచ్చినవాడికి నగరాన్ని నేర్పేది సిటీబస్సు కండక్టరే. సికింద్రాబాదు దాటగానే "సంగీత్, సంగీత్" అని కేకేస్తాడు. దిగి చూస్తే సంగీత్ టాకీసు లేదు, ఏనాడో కూల్చేశారు. ఇప్పుడు హోటలుగా అందరికీ తెలిసిన ప్యారడైజ్ కూడా మొదట సినిమా హాలే. లక్డీకాపూల్‌లో కట్టెవంతెన లేదు. ఆబిడ్స్‌లో ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియా వర్తకుని కొట్టు లేదు. జనం నోటిమాట మాత్రం ఎవరి సాయమూ లేకుండా వాటిని నిలబెట్టుకుంది.

పేరు మిగిలింది కదా, అది చాలు అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. పేరు దారి చూపిస్తుంది, అంతే. దాని నీడన కూర్చోలేము. దాని మెట్ల మీద ఆగి పక్కింటావిడతో రెండు మాటలు మాట్లాడలేము. చార్మినారుకూ గోలకొండకూ కావలివాళ్లు ఉన్నారు, టికెట్లున్నాయి, చూడటానికి లోకమంతా వస్తుంది. పేటలోని గురుతుకు ఆ పేటవాళ్లే దిక్కు. వాళ్లు పట్టించుకోవడం మానేసిన రోజు నుంచి అది చెత్త వేసే చోటవుతుంది.

చెత్త వేసే చోటు మళ్లీ గురుతుగా మారడం కూడా చూశాను. సికింద్రాబాదులో గాంధీ ఆసుపత్రికి దగ్గర్లో బన్సీలాల్‌పేట ఉంది. అక్కడి దిగుడుబావి 17వ శతాబ్దం నాటిదంటారు. 1933లో అప్పటి బ్రిటిష్ రెసిడెంటు కీస్ ఆ పేటను పద్ధతిగా కట్టించినప్పుడు ఈ బావినీ బాగుచేయించారు. డబ్బిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరే పేటకు నిలిచింది. సుమారు యాభై అడుగుల లోతు, అంతస్తుల మీద అంతస్తులుగా రాతి స్తంభాలు, కిందికి దిగే మెట్లు. కుళాయిలు వచ్చాక బావితో ఎవరికీ పని లేకపోయింది. పని లేని బావిలోకి మొదట ఇంటి చెత్త, తర్వాత పాత ఇళ్ల మట్టీ రాళ్లూ పడ్డాయి. కొన్నేళ్లకు అక్కడ బావి ఉందని కూడా తెలియనంతగా పూడిపోయింది.

2021లో పని మొదలైంది. వాస్తుశిల్పి కల్పనా రమేశ్ నడిపిస్తున్న రెయిన్‌వాటర్ ప్రాజెక్టు అనే సంస్థ, నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ కలిసి తవ్వకం చేపట్టాయి. సుమారు రెండు వేల టన్నుల చెత్త తీశారట. లారీలు పోతుంటే ఒక్కో వరుస మెట్లు, ఒక్కో వరుస స్తంభాలు బయటపడ్డాయి. అడుగుకు చేరేసరికి ఊట తిరిగి వచ్చింది. 2022 డిసెంబరు 5న బావిని ప్రజలకు తెరిచారు.

అనంతపురం జిల్లా నుంచి పోయినవాడు ఆ నీళ్లను చూస్తే ఏమవుతాడో కోస్తా స్నేహితులకు ఎంత చెప్పినా అర్థం కాదు. మా జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి. మా పెన్న నంది కొండల్లో పుట్టి ఇంత దూరం వచ్చేసరికి చాలా ఏళ్లు ఇసుకగానే ఉంటుంది. వందల అడుగులు బోరు వేసి దుమ్ము చూసిన రైతులు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. బోర్లు వచ్చిన తర్వాత మావాళ్లూ చేదబావుల్ని వదిలేశారు. రాళ్లు వేశారు, కంపలు వేశారు, కొన్నిటిని పూడ్చి పైన ఇళ్లు కట్టుకున్నారు. అందుకే బన్సీలాల్‌పేట బావి గట్టు మీద నిలబడితే నాకు గొప్ప కట్టడం చూస్తున్నానన్న భావం కంటే, పోయిందనుకున్న పెద్దావిడ ఇంటికి తిరిగొచ్చిందన్న సంతోషమే ఎక్కువ కలిగింది. గట్టు మీద ఆ పేట పిల్లలు వచ్చినవాళ్లందరికీ ఎక్కడ నుంచి చూస్తే బావి బాగుంటుందో చూపిస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే ఆ పని నెత్తినేసుకున్నారు. ఏ రక్షణ చట్టానికైనా ఆ పిల్లల కంటే గట్టి కాపలా దొరకదని నా నమ్మకం.

చట్టం అక్కర్లేదని కాదు. హైదరాబాదులో ఇర్రం మంజిల్ కథే అందుకు సాక్ష్యం. 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ గుట్ట మీద కట్టించుకున్న మహలు అది, నూటయాభైకి పైగా గదులు. తర్వాత ప్రభుత్వ కార్యాలయాలు నడిచాయి. పాత కట్టడాలను కాపాడటానికి నగరంలో పదమూడో నిబంధన అని ఒకటుండేది, 2015లో దాన్ని తీసేశారు. 2019 జూన్‌లో ఇర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభ భవనం కట్టాలని మంత్రివర్గం నిర్ణయించి, శంకుస్థాపన కూడా చేసింది. నగరవాసులు కోర్టుకు పోయారు. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. భవనం నిలిచింది. కానీ నిలవడం వేరు, బతకడం వేరు. కోర్టు కాపాడిన గోడలకు సున్నం కొట్టేదెవరు, ఆ గదుల్లో దీపం పెట్టేదెవరు అన్న ప్రశ్నకు ఏ తీర్పులోనూ జవాబు దొరకదు.

మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆ జవాబు కొంత దొరుకుతుంది. నిజాం కొడుకు పేరుతో 1935 ప్రాంతంలో కట్టిన రాతి మార్కెట్ అది. ఎన్నాళ్లో రేకులు, బోర్డులు, వైర్లు రాయిని కప్పేసి ఉండేవి. అవన్నీ తీసి, రాయి కడిగి, గడియారం బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. నాకు నచ్చింది ఏమిటంటే, బాగుచేయడమంటే అక్కడివాళ్లను పంపేయడం కాలేదు. ఐస్‌క్రీం అమ్మే దుకాణాలు అక్కడే ఉన్నాయి. సాయంత్రం కుటుంబాలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని కప్పుల్లో సీతాఫలం ఐస్‌క్రీం తింటుంటాయి. తలెత్తితే గడియారం. చాలాచోట్ల పాత కట్టడానికి రంగు వేసి, ఇనుప కంచె కట్టి, రాత్రి రంగుదీపాలు పెట్టి, గేటుకు తాళం వేస్తారు. ఆ క్షణం నుంచి పేటవాళ్లు కూడా దానికి పరాయివాళ్లైపోతారు. అటువంటి బాగుచేత కంటే పాత మాసిన గోడే నయమనిపిస్తుంది నాకు. దాని కింద పూలమ్మే ఆవిడైనా కూర్చునేది.

ఇదంతా చూసి ఇంటికొచ్చినప్పుడు పామిడిని కొత్త కళ్లతో చూస్తాను. మాది నగరం కాదు, గుడ్డల ఊరు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు పెళ్లిబట్టలకు వచ్చేదీ, కుట్టుమిషన్ల మీద నైటీలు, లంగాలు తయారై బయటి ఊళ్లకు పోయేదీ ఇక్కడి నుంచే. మధ్యాహ్నం కొన్ని సందుల్లో నడిస్తే మిషన్ల చప్పుడే వినబడుతుంది. ఈ ఊరు కూడా రహదారి పొడుగునా పెరుగుతోంది. హైదరాబాదు ఆలస్యంగా తెలుసుకున్నదాన్ని మేము ముందే తెలుసుకోవచ్చు కదా. అక్కడ రెండు వేల టన్నులు మోయాల్సి వచ్చింది. మాకింకా ఆ అవసరం రాలేదు. మా గురుతులు తెలిసిన ముసలివాళ్లు కొందరు ఇంకా అరుగుల మీదే ఉన్నారు.

"నాయనా, ఇప్పుడు నువ్వు నిల్సుకున్నావే, ఆడ బాయుండె" అని ఒక పెద్దాయన నాకు సిమెంటు రోడ్డు చూపించి చెప్పాడు. ఎంత లోతో, ఎన్ని కడవలు చేదేవాళ్లో, ఏ ఎండాకాలంలో ఎండిపోయిందో ఆయనకు తెలుసు. ఆయన కొడుకుకు తెలియదు. మనుమడు ఊళ్లోనే లేడు.

నగరాల్లో వారాంతపు నడకలు జరుపుతున్నారు. తెలిసినాయన ముందు నడుస్తాడు, పాతిక మంది వెనక నడుస్తారు, ప్రతి కట్టడం ముందూ ఆగి కథ చెబుతాడు. మంచి పని. మాకు ఆ ఏర్పాటు కూడా అక్కర్లేదు. శివరాత్రికి భోగేశ్వరుని దగ్గర జనం ఎట్లాగూ చేరతారు, మైకు ఎట్లాగూ ఉంటుంది, తెల్లవార్లూ మేలుకుని ఉంటారు. భజనకూ భజనకూ నడుమ వీధికొక పెద్దమనిషి లేచి, తన వీధిలో ఏముండేదో చెబితే చాలు. హైస్కూలు పిల్లలు పక్కన కూర్చుని రాసుకుంటారు. ఆడవాళ్లను మరిచిపోకూడదు. నీళ్లు మోసింది వాళ్లే కాబట్టి వాళ్ల జ్ఞాపకానికే నిక్కచ్చి ఎక్కువ. మొదటి ఏడాది బావుల లెక్కతో మొదలుపెట్టాలని నా కోరిక. ఏ వీధిలో ఏ బావి, ఎవరు తవ్వించారు, నీళ్లు తియ్యగా ఉండేవా ఉప్పగా ఉండేవా, ఎప్పటివరకు చేదారు, ఇప్పుడు దానిమీద ఏముంది. రెండో ఏడాది అరుగులు, చెట్లు. మూడో ఏడాది కుట్టుమిషన్ల సందులు.