ఇల్లు మారేవారికి ఒక వైద్యుని మనవి



బడులు తెరిచే జూన్ నెల వచ్చిందంటే మా రాంగోపాల్‌పేట్ సందులలో సామాన్ల వ్యాన్లు బారులు తీరుతాయి. కరీంనగర్ నుంచి, నల్గొండ నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు పాత మేడల పై అంతస్తులలో అద్దెకు దిగుతాయి. వైద్యుడినని తెలిసి నన్ను పలకరించడానికి వచ్చినవారు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు. పాలు ఎవరు పోస్తారు, పిల్లల డాక్టరు ఎక్కడ ఉన్నారు, మోండా మార్కెట్‌కు దగ్గర దారి ఏది. ఈ ఊరి నిబంధనలు ఏమిటి అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

అడగకపోవడం సహజమే. నిబంధన అనగానే మనకు చలానా గుర్తుకు వస్తుంది, లేదా లంచం గుర్తుకు వస్తుంది. నలభై ఏళ్లు రోగుల మధ్య గడిపిన నాకు అవి వేరుగా కనిపిస్తాయి. మున్సిపల్ నిబంధనలలో చాలా వాటిని వెనక్కి తవ్వుకుంటూ పోతే అడుగున ఒక జ్వరమో, ఒక వాంతులూ విరేచనాల వ్యాప్తో, ఒక అగ్నిప్రమాదమో కనిపిస్తుంది. ఈ వ్యాసంలో అటువంటి కొన్నింటిని మాత్రమే మీ ముందు ఉంచుతాను.

ఇక్కడ ఒక మాట. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు వీటిని ‘సిటీ ఆర్డినెన్సు’లు అంటారు. మన పత్రికలలో ఆర్డినెన్స్ అంటే గవర్నరు గారో రాష్ట్రపతి గారో జారీ చేసేది. మా బంధువుల అబ్బాయి ఒకడు తన ఇంటి ముందు గడ్డి ఇంత ఎత్తు మించితే ఆర్డినెన్స్ ప్రకారం జరిమానా అని ఫోనులో చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. మనకు ఆ పేరుతో ఒకే పుస్తకం లేదు. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 1955 నాటిది. దానికి తోడు రాష్ట్ర భవన నియమాలు, కేంద్రం చేసిన చెత్త, శబ్ద నియమాలు ఉన్నాయి. ఇవన్నీ కలిస్తేనే మన ఊరి నిబంధనలు.

కొత్తగా వచ్చినవారు తెలుసుకోవలసిన మొదటి సంగతి, తాము ఎవరి పాలనలో ఉన్నామన్నది. సికింద్రాబాద్‌లో ఇది చిన్న ప్రశ్న కాదు. 1806లో సికందర్ జా పేరిట దండు బస్తీగా వెలసిన ఈ ఊరికి 1945లో మున్సిపాలిటీ వచ్చింది, 1950లో సొంత కార్పొరేషన్ వచ్చింది, 1960లో అది హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలుపుకొని గ్రేటర్ అయింది. కంటోన్మెంట్ మాత్రం విడిగానే నిలిచింది. రాంగోపాల్‌పేట్ మున్సిపల్ ప్రాంతం. ప్యారడైజ్ కూడలి దాటి కార్ఖానా, తిరుమలగిరి వైపు సాగితే కంటోన్మెంట్ బోర్డు పరిధిలో అడుగు పెడతారు. అక్కడ 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం వర్తిస్తుంది. రోడ్డు మీద గీత ఏదీ కనిపించదు.

దీనికి ఆరోగ్యంతో ఏమి సంబంధం అంటారా? నాకు తెలిసిన ఒక కుటుంబం రాంగోపాల్‌పేట్‌లో కాపురం ఉంటోంది. ఇంటి పెద్దాయన కంటోన్మెంట్ పరిధిలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశారు. కొడుకు మరణ ధ్రువపత్రం కోసం తమ ఇంటికి దగ్గరలోని మున్సిపల్ కార్యాలయం చుట్టూ రోజుల తరబడి తిరిగాడు. జననమైనా మరణమైనా నివాసం ఉన్న చోట కాదు, సంభవించిన చోట నమోదు కావాలి. 1969 నాటి చట్టం దీనికి 21 రోజుల గడువు పెట్టింది. ఆసుపత్రిలో జరిగితే సమాచారం పంపే బాధ్యత ఆసుపత్రిది, ఇంట్లో జరిగితే ఇంటి పెద్దది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమవుతుంది. కన్నవారిని పోగొట్టుకున్న దుఃఖంలో ఉన్నవారికి ఈ తిరుగుళ్లు ఎంతటి భారమో చెప్పనక్కరలేదు. అందుకే ఇల్లు కుదుర్చుకునేటప్పుడే యజమానిని ఆస్తిపన్ను రసీదు ఒకసారి చూపించమనండి. పన్ను ఎవరికి కడుతున్నారో, సర్కిల్ ఏదో అందులో ఉంటుంది. వార్డుల సరిహద్దులు మారుతూ ఉంటాయి కనుక తాజా రసీదునే చూడండి.

ఇక చెత్త విషయానికి వస్తాను. దీని గురించి కొంచెం విస్తరించి చెప్పవలసి ఉంది.

నేను ఇంకా ప్రాక్టీసు చేస్తున్న రోజులలో ఒక ఉదయం చెత్త ఆటోలో పనిచేసే ఒకామె క్లినిక్‌కు వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. కుడిచేతి చూపుడు వేలికి కొంగు చుట్టుకొని ఉంది. “సూది గుచ్చుకున్నది సారూ. అన్నం మెతుకులున్న కవర్లనే ఉన్నది. కనవడలే” అన్నది. ఏ ఇంటి కవరమ్మా అని అడిగితే తలూపింది. “ఎట్ల తెలుస్తది సారూ, ఒక్క ఇల్లా?” అన్నది.

అదే మా అందరి భయం. ఎవరో చక్కెర వ్యాధిగ్రస్తులు ఇన్సులిన్ వేసుకొని పారవేసిన సూది. దాని యజమానికి ఏ వ్యాధులు ఉన్నాయో తెలియదు. వైద్యశాస్త్రం చెప్పే లెక్క ఇది: టీకా వేసుకోనివారికి హెపటైటిస్ బి ఉన్న వ్యక్తి సూది గుచ్చుకుంటే ఆ వ్యాధి సోకే అవకాశం నూటికి ముప్ఫై దాకా ఉంటుంది. హెచ్.ఐ.వి. విషయంలో అది వెయ్యికి మూడు. వేలిని సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగించి, ఆమెను వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పంపించాను. హెచ్.ఐ.వి. నివారణ మందులు గంటల వ్యవధిలో మొదలు కావాలి, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. ఆ మందులు ఆమె 28 రోజులు వాడింది. వాటి వల్ల వచ్చిన వికారంతో సగం రోజులు పనికి పోలేకపోయింది. ఆ తరువాత ఆరు నెలల పాటు రక్తపరీక్షలు. ప్రతి పరీక్షకూ ముందు రాత్రి నిద్రపట్టదని చెప్పేది. చివరకు అన్నీ నెగటివ్ అని వచ్చాయి. ఆరు నెలలు మాత్రం పోయాయి.

2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఇంట్లో వాడి పారవేసిన సూదులను, గడువు తీరిన మందులను, పగిలిన థర్మామీటర్లను ప్రమాదకర గృహవ్యర్థాల కింద చేర్చాయి. తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం బుట్ట అన్న సంగతి ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. ఈ మూడవ రకం మాత్రం చదువుకున్న ఇళ్లలో కూడా తెలియదు. పద్ధతి చాలా తేలిక. దళసరి ప్లాస్టిక్ సీసా ఒకటి, ఫినాయిల్‌దో బట్టల సబ్బు ద్రవానిదో, ఖాళీ అయినదాన్ని పక్కన పెట్టండి. వాడిన సూదిని మూత తిరిగి తొడగకుండా అందులో వేయండి. ముప్పాతిక నిండాక మూత బిగించి, పైన ‘సూదులు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, నోటితో చెప్పి మరీ విడిగా అందించండి. మీరు చూపించుకునే ఆసుపత్రివారు తీసుకుంటామంటే ఇంకా మంచిది. వాడిన శానిటరీ ప్యాడ్లు, పెద్దల డైపర్లు కూడా చుట్టి ఇవ్వాలని అదే నియమాలు చెప్పాయి.

తరువాత నీరు. మంచినీరు, మురుగునీరు చూసుకునేది మున్సిపాలిటీ కాదు, 1989లో ఏర్పడిన జలమండలి. ఫిర్యాదు చేయవలసిన నెంబరు 155313. కొళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించడాన్ని జలమండలి నిషేధించింది. పట్టుబడితే మోటారు జప్తు, జరిమానా. పక్కింటివారికి నీరు అందదు కనుక ఈ నిషేధమని అందరూ అనుకుంటారు. అది సగం కారణం మాత్రమే. పాత బస్తీలలో మంచినీటి గొట్టం, మురుగు కాలువ పక్కపక్కనే నడుస్తాయి. దశాబ్దాల నాటి గొట్టాలకు చిన్న చిన్న బెజ్జాలు ఉంటాయి. నీరు ఒత్తిడితో వస్తున్నంత సేపు ఆ బెజ్జాల నుంచి మంచినీరు బయటికి కారుతుంది తప్ప మురుగు లోపలికి రాదు. మోటారు పెట్టి లాగిన క్షణం పరిస్థితి తిరగబడుతుంది. గొట్టంలో ఒత్తిడి పడిపోయి, చుట్టూ మట్టిలో ఉన్న మురుగు లోపలికి పీల్చబడుతుంది. అది లాగినవారి బిందెలోకే కాదు, ఆ వరుసలో ఉన్న అందరి బిందెలలోకీ వెళుతుంది. 2009 మే నెలలో ఇక్కడికి దూరం కాని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన తాగునీటి వల్ల పలువురు మరణించారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. అక్కడి మాట మోటార్లది కాదు. గొట్టంలోకి మురుగు చేరితే ఏమవుతుందో చెప్పడానికి మాత్రమే ఆ ఊసెత్తాను. మీరు దిగిన ఇంట్లో అటువంటి మోటారు ఉంటే యజమానితో మాట్లాడండి. నీరు రంగు మారినా, వాసన వచ్చినా ఫిర్యాదు చేసి, ఆ పూటకు కాచిన నీరే తాగండి.

నిప్పు గురించి రాయకుండా సికింద్రాబాద్ గురించి రాయలేను. 2022 సెప్టెంబరు 12 రాత్రి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న ఒక హోటలులో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. నాలుగు నెలలకు, 2023 జనవరి 19న, మా రాంగోపాల్‌పేట్‌లోనే నల్లగుట్ట దగ్గర ఒక వాణిజ్య భవనం తగలబడింది. ముగ్గురు కార్మికులు లోపలే ఉండిపోయారు. ఆ నల్లటి పొగ ఎన్నో గంటలు ఆకాశంలో నిలిచింది. మరో రెండు నెలలకు, మార్చి 16న, స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీ యువకులు మరణించారు. వారు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల నుంచి ఉద్యోగం కోసం నగరానికి వచ్చిన పిల్లలు. నేను ఈ వ్యాసం ఎవరి కోసం రాస్తున్నానో, అటువంటివారే.

వారిని చంపింది మంట కాదు, పొగ. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రెండు మూడు నిమిషాలలో తల తిరిగి, కాళ్లు తేలిపోయి, తలుపు ఎటు ఉందో తెలియని స్థితి వస్తుంది. తడి గుడ్డ మసిని ఆపుతుంది కానీ ఈ వాయువును ఆపలేదు. బయటపడే దారి ఒక్కటే మందు. సెల్లార్‌ను వాహనాలకే వదలాలని, మెట్లకు అడ్డంగా సరుకు పెట్టరాదని భవన నియమాలు పట్టుపట్టడానికి కారణం ఇదే. మా వైపు కింద ములిగీలు, వాటి వెనుక గోదాములు, పైన కాపురాలు ఉండే ఇళ్లు ఎక్కువ. అద్దె బేరమాడే ముందు ఆ మేడ చుట్టూ ఒకసారి తిరగండి. సెల్లార్‌లో ఏమి నిల్వ చేస్తున్నారో చూడండి. డాబా తలుపుకు తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. బ్యాటరీ స్కూటర్లను మెట్ల కింద చార్జింగ్ పెడుతున్నారా అని గమనించండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే యజమాని ఇంట్లో, అద్దె వెయ్యి రూపాయలు తక్కువైనా సరే, నేనైతే దిగను.

దోమల సంగతి మీకు వేరే చెప్పాలా! మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనుగొన్నది ఈ సికింద్రాబాద్‌లోనే. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఇప్పుడు మనల్ని ఎక్కువ బాధించేది డెంగీ దోమ. అది గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం పది రోజులు తీసుకుంటుంది. నీటి డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల పళ్లాలు వారానికి ఒకసారి ఆరబెట్టమని మున్సిపల్ సిబ్బంది వచ్చి చెప్పేది ఆ లెక్క మీదే. వారు తలుపు తడితే లోపలికి రానివ్వండి.

కుక్కను వెంట తెచ్చుకున్నవారు కార్పొరేషన్‌లో నమోదు చేయించి, ఏటా రేబిస్ టీకా వేయించి, ఆ కాగితం దగ్గర ఉంచుకోవాలి. వీధికుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధార నీటితో కడిగి, పసుపు కారం పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

చివరిగా శబ్దం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగరాదని 2000 నాటి నియమాలు చెబుతున్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. గుండె ఆపరేషను చేయించుకొని ఇంటికి వచ్చిన పేషెంటు పక్క సందులో బరాత్ డీజే మోగుతుంటే రాత్రంతా కూర్చొని గడిపిన సందర్భాలు నాకు తెలుసు. ముందు వెళ్లి మర్యాదగా చెప్పండి. “మా నాన్నగారికి బాగాలేదు బాబూ” అంటే చాలామంది తగ్గిస్తారు. తగ్గించకపోతే 112కు ఫోను చేయండి. నిప్పుకు 101, నీటికి 155313. ఈ మూడు నెంబర్లు మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద, మా ఆవిడ రాసిన గుండ్రటి అక్షరాలలో, గ్యాస్ ఏజెన్సీ నెంబరు పక్కనే ఉంటాయి.