ఎవరి చేతిరాతా కాని కోడ్

పదిమంది కలిసి రాసిన ప్రోగ్రాము ఒక్కరే రాసినట్టుంటే, చదివేవారికి అంతకు మించిన సుఖం లేదు. ఫైలు తెరవగానే ఇది ఫలానావారి పని అని పోల్చుకోగలిగామంటే ఆ టీములో ఇంకా మాట కుదరలేదన్నమాట. బ్రాకెట్టు అదే వరుసలో తెరవాలా, కింది వరుసలోనా? వరుసను లోపలికి జరపడానికి ట్యాబ్ నొక్కాలా, నాలుగు స్పేసులు కొట్టాలా? బయటివాళ్లకు ఇవి వాదించుకోదగ్గ సంగతులుగా కనిపించవు. ఈ పనిలో ఉన్నవాళ్లు మాత్రం వీటి మీద మీటింగులకు మీటింగులు నడిపారు. ఆ వాదాలంటే నాకు చిన్నచూపు లేదు. రోజుకు ఎనిమిది గంటలు కళ్లెదుట ఉండేది ఎలా ఉండాలో మనిషికి పట్టింపు ఉండటమే న్యాయం.

ప్రతి నియమం వెనకా ఒక కారణం ఉంటుంది, ఆ కారణానికి ఒక వయసూ ఉంటుంది. వరుసకు 80 అక్షరాలన్న హద్దు 1928లో ఐబీఎం తెచ్చిన 80 గడుల పంచ్ కార్డు నాటిది. కార్డులు పోయి టెర్మినళ్లు వచ్చినా హద్దు నిలిచింది. 2001లో పైథాన్ వాళ్లు రాసుకున్న పెప్ 8 నియమావళి దాన్ని 79 చేసింది. లినక్స్ కెర్నెల్ వాళ్లు 2020లో కాస్త సడలించి, 100 దాటితేనే తమ తనిఖీ స్క్రిప్టు హెచ్చరించేలా మార్చారు. కార్డులతోపాటే ఆ హద్దూ పోవాల్సింది అనేవారితో నేను ఏకీభవించను. పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టుకుని రివ్యూ చేసేవారికి పొట్టి వరుస ఇప్పటికీ మేలే చేస్తుంది. అదే కెర్నెల్‌లో ట్యాబ్ వెడల్పు 8 అక్షరాలు. గంటల తరబడి తెర చూసి అలసిన కంటికి కూడా ఏది దేని లోపల ఉందో తెలియాలన్నది దాని కారణం. మూడు అంతస్తులకు మించి లోపలికి పోవాల్సి వస్తే ప్రోగ్రామునే సరిదిద్దుకోమని కూడా కెర్నెల్ వాళ్ల నియమాల పత్రం చెబుతుంది. కారణం చెప్పే నియమం ఇలా ఉంటుంది. నచ్చకపోయినా దానితో వాదించవచ్చు.

నా దృష్టిలో ఈ ఒప్పందాల అసలు విలువ అందంలో లేదు. రివ్యూలో ఉంది. హైదరాబాద్ ఆఫీసుల్లో అందరూ పేర్లు పెట్టి పిలుచుకుంటున్నట్టే ఉంటుంది గానీ, మాట తెలుగులోకి మారగానే 'గారు', 'అన్నా', 'మేడమ్' వచ్చేస్తాయి. కొత్తగా చేరిన అమ్మాయి ముందు పదిహేనేళ్ల అనుభవమున్న ఆర్కిటెక్ట్ పుల్ రిక్వెస్ట్ ఉంది. అందులో ఒక ఫంక్షన్ నూటయాభై వరుసలు సాగింది, వేరియబుల్ పేరు 'టెంప్2'. "ఇది నాకు అర్థం కావట్లేదండీ" అని రాయడానికి ఆమెకు వేళ్లు ఆడవు. అప్రూవ్ నొక్కి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడంలోనే తప్పులు ప్రొడక్షన్‌కు వెళ్లిపోతాయి. అదే, పేర్ల గురించీ ఫంక్షన్ పొడవు గురించీ టీమంతా ముందే ఒక మాట అనుకుని ఉంటే, "మనం అనుకున్నదాని ప్రకారం దీన్ని విడగొట్టాలి కదండీ" అని ఆమె ధైర్యంగా రాయగలదు. అప్పుడది ఆమె ఒక్కదాని మాట కాదు, వినే పెద్దాయనకూ చిన్నతనం కాదు.

అయితే ఆ మాట అనుకున్నప్పుడు ఆమె కూడా గదిలో ఉండాలి. పైనుంచి మెయిల్‌లో దిగిన నలభై పేజీల పత్రానికి ఈ శక్తి రాదు. గూగుల్, ఎయిర్‌బీఎన్‌బీ లాంటి సంస్థలు తమ నియమావళులను అందరికీ అందుబాటులో పెట్టాయి. మొదలుపెట్టడానికి అవి చాలు. కానీ వాటిని అరువు తెచ్చుకుని అంతటితో ఆగితే ఒప్పందం కుదిరినట్టు కాదు. మన రిపోజిటరీలోంచే నాలుగు ఫైళ్లు తెరిచి, ఎక్కడ చదవలేక ఆగిపోయామో చూపించుకుంటూ మాట్లాడుకోవాలి. ఎవరి మాట నెగ్గలేదో వారి అభ్యంతరాన్ని కూడా నియమం పక్కనే రాసి ఉంచాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆరు నెలల తర్వాత ఆ అభ్యంతరమే సరైనదని తేలవచ్చు.

స్పేసులు, బ్రాకెట్ల సంగతి మాత్రం యంత్రానికి వదిలేయడమే మంచిది. 2009లో గో భాష బయటికొచ్చినప్పుడు దానితోపాటు గోఫ్మ్‌ట్ అనే పరికరం ఉంది. కోడ్‌ను ఒకే తీరులో సర్దిపెడుతుంది, ఆ తీరు మార్చుకోవడానికి ఎవరికీ వీలివ్వదు. ఆ తీరు ఎవరికీ ప్రాణప్రదం కాకపోయినా ఆ పరికరం అందరికీ ఇష్టమేనని ఆ భాష రూపకర్తల్లో ఒకరైన రాబ్ పైక్ అన్నారు. తర్వాత జావాస్క్రిప్ట్‌కు ప్రెటియర్, పైథాన్‌కు బ్లాక్ వచ్చి అదే దారి పట్టాయి. సర్దడం కంటికి మాత్రమే సంబంధించింది కాదు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ ఐఫోన్లకు హడావిడిగా ఒక అప్‌డేట్ పంపాల్సి వచ్చింది. సురక్షిత కనెక్షన్‌ను పరీక్షించే కోడ్‌లో 'గోటూ ఫెయిల్' అన్న వరుస రెండుసార్లు పడింది. ఇఫ్ కింద బ్రాకెట్లు లేవు. రెండో వరుస మొదటిదానితో సమానంగా లోపలికి జరిగి ఉండటం వల్ల అదీ ఇఫ్‌లో భాగమే అనిపించింది. నిజానికి అది షరతుతో పని లేకుండా ప్రతిసారీ నడిచి, సంతకం సరిచూసే మెట్టును దాటేయించింది. బ్రాకెట్లు తప్పనిసరి అన్న నియమం పాటించి ఉంటే ఆ రెండో వరుస బహుశా ఏ హానీ చేసేది కాదు. ఫార్మాటర్ నడిచి ఉంటే అది ఎడమకు జరిగి బయటపడేది.

యంత్రానికి అప్పగించలేనివి మనుషులు కూర్చుని తేల్చుకోవాలి. 'అమౌంట్' అని రాసిన చోట ఉన్నవి రూపాయలా, పైసలా? 04/05 అంటే మనకు మే నెల, అమెరికాలో కూర్చున్న సగం టీముకు ఏప్రిల్. అందుకే ఏడాదిని ముందు పెట్టే ఐఎస్ఓ 8601 పద్ధతి మీద మొదటి రోజే మాట కుదుర్చుకోవాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ల వివరాలు 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అన్న కాలమ్‌లలో పడి తారుమారు కావడం ఎన్ని డేటాబేసుల్లో చూశామో! ఇంటిపేరు కాలమ్‌కు 'ఫ్యామిలీ నేమ్' అనే పేరు పెడితే ఆ చిక్కు ఉండదు.

ఇలాంటి మాట కుదిరితే చాలదు, దాన్ని సరిచూసే ఏర్పాటూ కావాలి. 1999 సెప్టెంబరులో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుణ్ని చేరే వేళ నష్టమైపోయింది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ ఇంజన్ల తోపుడు లెక్కను పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, అందుకున్న సాఫ్ట్‌వేర్ దాన్ని న్యూటన్ సెకన్లుగా తీసుకుంది. న్యూటన్ సెకన్లలోనే ఇవ్వాలన్న ఒప్పందం కాగితం మీద అప్పటికే ఉంది. వస్తున్న అంకెలు దాని ప్రకారం ఉన్నాయో లేదో ఎవరూ పరీక్షించలేదు. అందుకే ప్రతి నియమానికీ సాధ్యమైనంత వరకు ఒక లింటర్ తనిఖీ గానీ, ఒక టెస్ట్ గానీ జతచేయాలంటాను. కోడ్ మెర్జ్ అయ్యేలోపే అది అడ్డుపడాలి.

ఇక పాత కోడ్ సంగతి. కొత్త నియమాలు రాగానే లక్ష వరుసలనూ ఒక్క రాత్రిలో సర్దేయాలన్న తొందర పుడుతుంది. సర్దండి, కానీ అందులో బగ్ సవరణలు కలపకండి. ఆ కమిట్‌ను విడిగా ఉంచి, దాని నంబరు ఒక ఫైల్‌లో రాసిపెట్టండి. ఆ ఫైల్‌ను చూపిస్తే, 2019లో వచ్చిన 2.23 వెర్షన్ నుంచి గిట్ బ్లేమ్ అలాంటి కమిట్లను దాటుకుని చూడగలదు. ఈ వరుస ఎందుకు ఇలా ఉందని రెండేళ్ల తర్వాత వెతికేవారికి, స్పేసులు సర్దినవారు కాకుండా ఆ ఆలోచన చేసినవారే దొరుకుతారు.