లండను ప్రయాణానికి లాడ్‌బజారు పాఠం

మా గౌలీపురా ఇంట్లో గోడగడియారం కింద ఒక కాగితం మూడు నెలలు వేలాడింది. దానిమీద ఇరవైమూడు పేర్లున్నవి. లండను మహానగరంలో మేము చూడవలసిన స్థలాల జాబితా అది. మా అల్లుడు ఎంతో శ్రద్ధగా తయారుచేసి పంపించాడు. మేము అక్కడ వుండేది మూడు వారాలైనా, అతనికి దొరికే సెలవు అయిదు రోజులేనట. ఇరవైమూడు స్థలాలూ ఆ అయిదు రోజుల్లో ఇమడాలి. నేను ముప్పైయేళ్లు లెక్కలు చెప్పి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. ఎన్నిసార్లు భాగించినా రోజుకు నాలుగున్నర పైన తేలుతున్నది.

మా ఆవిడ ఆ కాగితాన్ని ఒకసారి చదివి, మళ్ళీ దానివంక చూడలేదు.

"గుళ్లె ప్రదక్షిణాలు గూడ ఇన్ని చెయ్యలేను నేను. మోకాళ్ళ నొప్పి మనిషిని. మీరు పోయిరాండ్రి. నేను ఇంట్లనే ఉంట" అన్నది.

"మనవరాలిని చూడాలని లేదుటే నీకు?"

"ఎందుకు లేదండి? ఫోన్ల ముద్దు పెడితే అద్దం చల్లగ తగులుతది. ఆరేండ్ల పిల్లను ఇంతవరకు ఎత్తుకోలేదు" అని కొంగుతో కళ్లు తుడుచుకున్నది. ఆపైన అసలు భయాలు రెండూ బయటపెట్టింది. ఒకటి, నడిచే మెట్లు. రెండు, తప్పిపోవడం. "ఉన్న ఊర్లనే దారి తెల్వదు నాకు. పుట్టినప్పట్నుంచి మీదో, మా నాయనదో వెనుక నడుసుడే గద!"

ఈ మాట నాకు చురుక్కుమని తగిలింది. నలభై యేళ్ల కాపురంలో ఆవిడ చేతిసంచీ నేను మోసినందుకు మురిసిపోయేవాణ్ణి గాని, ఆ సంచీతోబాటు దారికూడా నేనే పట్టుకుపోతున్నానని తోచలేదు.

జూన్ నెలలో ఒక రోజు, చల్లగా వున్నది గదా అని ఇద్దరమూ సాలార్‌జంగ్ మ్యూజియానికి బయలుదేరాము. హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్లు ఆ మ్యూజియానికి చుట్టాలు వస్తేనే పోతారు. మేమూ అంతే. మూసీ ఒడ్డున వున్న ఇప్పటి భవనంలోకి అది మారింది 1968లో. అంతకుముందు 1951 నుంచీ దివాన్ దేవిడీలోనే వుండేది.

పన్నెండు కావస్తున్నది. సంగీత గడియారం ముందు జనం గుమిగూడి కూర్చున్నారు. మేమూ కూర్చున్నాము. పిల్లలు ఊపిరి బిగబట్టారు. గడియారంలోనుంచి చిన్ని మనిషి బయటకు వచ్చి పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికి పోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ మాత్రం వేళ్ళమీద ఏదో లెక్కపెడుతున్నది.

"అక్కడ ఇప్పుడు పొద్దున ఏడున్నర. పిల్ల బడికి తయారైతుంటది" అన్నది.

లెక్కల మాస్టరుగా నేను గర్వపడ్డాను. ఎండాకాలంలో లండను మనకన్న నాలుగున్నర గంటలు వెనుక వుంటుంది. చలికాలంలో వాళ్ళు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి తేడా అయిదున్నర అవుతుంది. ఆవిడ భూగోళం చదవలేదు. మనవరాలి మొహం చూసి నేర్చుకున్నది.

అక్కడినుంచి మేలిముసుగు రెబెక్కా దగ్గరకు వెళ్ళాము. పాలరాతిలో చెక్కిన ఆ పలుచని ముసుగు చూస్తూ, అది ఇక్కడికెలా వచ్చిందో ఆవిడకు చెప్పాను. పాఠకుల్లో చాలామందికి ఈ కథ తెలిసే వుంటుంది. అయినా ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు మరోసారి వినదగినదే.

మీర్ తురాబ్ అలీఖాన్, అంటే మనం మొదటి సాలార్‌జంగు అనుకునే ఆయన, 1853లో ఇరవైనాలుగేళ్ల వయసులో నిజాముకు దివాను అయ్యాడు. ఆ యేడే బేరారు ప్రాంతం ఇంగ్లీషువారి చేతిలోకి పోయింది. దాన్ని తిరిగి రాబట్టాలన్నది ఆయన పట్టుదల. 1876లో ఐరోపాకు ప్రయాణం కట్టాడు. రోమునగరంలో బెంజోనీ అనే శిల్పి చెక్కిన ఈ రెబెక్కాను కొన్నాడు. పారిసు చేరాడు. అక్కడ హోటలు మెట్లమీద కాలుజారి పడి తొడ ఎముక విరిగింది. ఆ గాయంతోనే లండను వెళ్ళాడు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంవారు డాక్టరు పట్టం ఇచ్చారు. లండను నగరంవారు గౌరవ పౌరసత్వం ఇచ్చారు. విందులు ఇచ్చారు. బేరారు మాత్రం ఇవ్వలేదు.

మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మెట్ల భయం ఇంకా పెంచానేమోనని నాలిక కరుచుకున్నాను.

"కాలు విరిగినంక తిరిగి రావొచ్చు గద. ఎందుకు పోయిండట?" అన్నది చివరకు.

"పని వున్నది గనక."

"నాకు గూడ ఒక పనుంది" అన్నది నెమ్మదిగా. "బడి వదిలే యాళ్లకు గేటుకాడ నిలబడి, పిల్లను చెయ్యిపట్టుకొని ఇంటికి తోలుకరావాలె. మీరు గాని, అల్లుడు గాని లేకుండ. నేనొక్కదాన్నే. ఒక్కనాడైన సరే."

ఇరవైమూడు స్థలాల జాబితాలో ఆ బడి లేదు. ఆ రాత్రి కాగితం గోడనుంచి తీశాను. వెనుకవైపు మొదటి అంకె వేసి "బడి" అని రాశాను. పెద్ద ఊరికి ప్రయాణం పెట్టుకునేటప్పుడు ముందు రాయవలసింది ఏమేమి చూడాలన్నది కాదు, ఎందుకు పోతున్నామన్నది. అది తేలితే తక్కినవన్నీ వాటంతట అవే వరుసలో కూర్చుంటాయి.

ఇక భయాల సంగతి. రిహార్సలు చెయ్యకుండా నాటకం ఆడకూడదు గదా! లండనుకు హైదరాబాదులోనే రిహార్సలు వేద్దామనుకున్నాము.

మొదటి రోజు మెట్రో. లండనులో భూగర్భ రైలు 1863లో మొదలైంది. మన మెట్రో 2017లో వచ్చింది. వయస్సులో ముత్తాతా మునిమనుమడూ అన్నమాట. అక్కడ 272 స్టేషనులైనా, పద్ధతి ఒకటే: లైనుకొక రంగు, దిక్కుకొక ప్లాటుఫారం, లైను మారేచోట బాణం గుర్తు. ఇమ్లీబన్ బస్టాండు దగ్గర ఎర్ర లైను ఎక్కి అమీర్‌పేటలో దిగాలి. అక్కడ నీలం లైను పట్టి పరేడ్ గ్రౌండుకు పోవాలి. అక్కడ ఆకుపచ్చ లైను పట్టి బయలుదేరినచోటికే రావాలి. దారి ఆవిడ చూపించాలి. నేను నోరు విప్పరాదు. ఇదీ ఒప్పందం.

నడిచే మెట్ల దగ్గర మూడు నిమిషాలు నిలబడింది. వెనుకనుంచి ఒక కాలేజీ పిల్ల వచ్చి, "అమ్మా, కిందికి చూడొద్దు. ముందటికి చూసి కాలు పెట్టండి" అని చెయ్యి పట్టుకున్నది. అమీర్‌పేటలో ఆవిడే ఎక్కింది. పరేడ్ గ్రౌండులో నాకన్న ముందు ఎక్కింది. లండనులో నడిచే మెట్లమీద నిలబడేవాళ్ళు కుడివైపు నిలబడాలనీ, ఎడమవైపు తొందరగా పోయేవాళ్ళకు వదలాలనీ మా అమ్మాయి రాసింది. మా ఆవిడ ఇక్కడే కుడివైపు నిలబడడం మొదలుపెట్టింది. పక్కన నిలబడ్డవాళ్ళను, "జర జరుగుండ్రి, తోవ ఇడువుండ్రి" అనడంకూడా మొదలుపెట్టింది.

రెండో రిహార్సలు చార్మినారు దగ్గర. పత్తర్‌గట్టీనుంచి నడిచి గుల్జార్‌హౌజు దాటి చార్మినారు చేరాము. మేము పరదేశీయులమనుకోవాలి; చేతిలో పటం వుండాలి. నేను ఉపాధ్యాయుడి ధోరణిలో, 1591 నాటి కట్టడమనీ, పైనున్న గడియారాలు 1889లో అమర్చారనీ ఉపన్యసించుకుంటూ లాడ్‌బజారులోకి నడిచాను. తిరిగి చూసేసరికి ఆవిడ లేదు!

ఆదివారం సాయంకాలం. గాజుల దుకాణాల ముందు పెళ్ళిళ్ళ జనం. ఫోను చేద్దామని సంచీలో చెయ్యి పెట్టాను. నా ఫోనుతోబాటు ఆవిడ ఫోనుకూడా వున్నది. ఆవిడ డబ్బుల పర్సుకూడా వున్నది. గుండె జారిపోయింది. గబగబా చార్మినారు దగ్గరకు వచ్చాను. ఎక్కడ కలుసుకోవాలో ముందుగా అనుకోలేదు. నాలుగు వైపులా నాలుగు కమానులు, నాలుగూ ఒకటే పోలిక! చుట్టూ రెండుసార్లు తిరిగేసరికి ఏ కమానునుంచి బయలుదేరానో నాకే అయోమయమైంది. అరవైఅయిదేళ్ళుగా ఈ ఊళ్ళో వుంటున్నవాణ్ణి!

ఇంతలో సంచీలో ఫోను మోగింది. తెలియని నంబరు.

"ఏమండి, ఏడ దిరుగుతున్నరు? నేను గాజుల దుకాణంల కూసున్న. ఈ భాయి ఫోన్‌నుంచి చేస్తున్న. చాయ్ గూడ ఇప్పిచ్చిండు. ఆగమాగం గాకుండ్రి. మీరున్నకాడ్నే నిలబడుండ్రి, నేనే వస్త."

నా నంబరు ఆవిడకు కంఠస్థం. ఆవిడ నంబరు నాకు రాదు. తప్పిపోయింది నేనే.

ఆ రోజు నేర్చుకున్న పాఠాలు ఇంటికి వచ్చి కాగితంమీద రాసుకున్నాను. మీకూ పనికి రావచ్చు. ఎవరి ఫోను వారి దగ్గరే వుండాలి. ఎవరి డబ్బు వారి దగ్గరే వుండాలి. ఇంటి చిరునామా, అమ్మాయి నంబరు కాగితంమీద రాసి రవిక జేబులోనో, చొక్కా జేబులోనో పెట్టుకోవాలి. ఫోను ఆరిపోయినా కాగితం ఆరిపోదు. బయలుదేరేచోటనే, తప్పిపోతే కలుసుకునేచోటు అనుకోవాలి. అన్నిటికన్న ముఖ్యం, అడగడానికి సిగ్గుపడకూడదు. "లండన్‌ల గూడ దుకాణాలుంటయి గద" అని మా ఆవిడ సిద్ధాంతం.

కాగితాల పని నేను చూసుకున్నాను. పాస్‌పోర్టులో పేరు, ఆధారులో పేరు, బ్యాంకులో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా వున్నాయో లేదో ప్రయాణం అనుకున్న రోజే చూసుకోవాలి. మా ఆవిడ పేరులో ఒక అక్షరం ఎక్కువై నెలన్నర తిప్పింది. మళ్ళీ స్వదేశం తిరిగి వస్తారనడానికి ఆధారమేమిటని వీసావారు చూస్తారు. పింఛను కాగితాలు, ఇంటి పన్ను రసీదులు జతచేశాను. మా ఆవిడ, "వచ్చే ఏడు లాల్‌దర్వాజ బోనాలకు ఇంట్ల లేకుంటె అమ్మవారు ఊకుంటదా? అది రాయుండ్రి" అన్నది. దానికి రసీదు లేక రాయలేదు గాని, అసలైన ఆధారం అదే.

ఈ యేటి బోనాలుకూడా ఇంట్లోనే చేసుకుని, సెప్టెంబరులో బయలుదేరడానికి టిక్కెట్లు కొన్నాము. అప్పటికి అక్కడి బడులు తెరుస్తారు; చలి ఇంకా ముదరదు. మందులు పెట్టెలో కాక చేతిసంచీలో, డాక్టరుగారి చీటీతోసహా పెట్టుకుంటున్నాము. కాచిన నెయ్యి సీసా మాత్రం తీసేయవలసి వచ్చింది. బయటి దేశాలనుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడం అక్కడ నిషేధం. దూద్‌పేడాకూ అదే గతి. ఆవకాయ మిగిలింది.

ఇప్పుడు మా జాబితాలో మూడే పేర్లున్నవి. చేరిన మొదటి రోజు ఏదీ లేదు. నిద్ర, ఇంటి పక్క తోటలో నడక. ఒక రోజు బ్రిటిష్ మ్యూజియం, అదీ మన అమరావతి శిల్పాల కోసం. 1845లో వాల్టరు ఇలియట్ దొర తవ్వించినవి, 1859లో లండను చేరి, 1880లో ఆ మ్యూజియానికి వచ్చినవి. అక్కడ టిక్కెట్టుకూడా అక్కరలేదు. ఒక రోజు గ్రీనిచ్. ప్రపంచపు గడియారాలన్నిటికీ లెక్క మొదలయ్యే గీతమీద ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి నిలబడాలని లెక్కల మాస్టరు కోరిక. ఒక రోజు కెన్సల్ గ్రీన్ శ్మశానం. మన తెలుగుకు నిఘంటువు కట్టిన బ్రౌను దొర 1884లో పోయి అక్కడ వున్నాడు. మెట్లు ఎక్కువగా వున్న స్టేషనులు వదిలి, బస్సుల్లో పోవాలనుకున్నాము. తక్కిన ఇరవై స్థలాలూ ఇంకెవరైనా చూస్తారు.

మూడింటికీ పైన, ఒకటో అంకె దగ్గర, బడి.

ఇంటినుంచి బడికి పటం అమ్మాయి గీసి పంపింది. రెండు సందులు, ఒక తపాలా డబ్బా, ఒక రొట్టెల దుకాణం. మా ఆవిడ దాన్ని రోజూ దేవుడి ముందు దీపం పెట్టాక ఒకసారి తీసి చూసుకుంటున్నది. నిన్న నన్ను పిలిచి, రొట్టెల దుకాణం మీద వేలుపెట్టి, "తప్పిపోతే ఈడ అడుగుత" అన్నది.

మీలో ఎవరైనా తొలిసారి పరదేశపు మహానగరానికి ప్రయాణం పెట్టుకుంటే నా సలహా ఒక్కటే. ముందుగా మీ సొంత ఊళ్ళో ఒకసారి తప్పిపోయి చూడండి. ఆవిడ ఫోను మాత్రం ఆవిడ చేతికే ఇవ్వండి.