అరచేతిలో చుక్క

పులుసు మరుగుతుంటే అమ్మ గరిటెతో ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని ఉప్పు చూసేది. ఆ చుక్క మళ్లీ గిన్నెలోకి వెళ్లేది కాదు. రుచి తెలిసేది, చుక్క పోయేది. తెలుసుకోవడానికి ఆ మాత్రం ఖర్చు తప్పదని నాకు చాలాకాలానికి గాని తట్టలేదు.

1956లో లీలాండ్ క్లార్క్ ప్రకటించిన ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ చేసేదీ ఇదే. దాని కొసనున్న ప్లాటినం తన దగ్గరికొచ్చిన ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు అందిస్తుంది. అప్పుడు పారే కరెంటే కొలత. లెక్కకు అందిన అణువు ఇక ఆక్సిజన్‌గా మిగలదు. కదలని ద్రవంలో పెద్ద ఎలక్ట్రోడ్ తన చుట్టూ కరువు తెచ్చి, చివరికి ఆ కరువునే కొలుస్తుంది. చిన్నది కొంచెమే తింటుంది కనుక నిజానికి దగ్గరగా ఉంటుంది.

కొంచెం తినడంతోనే పని తీరలేదు. రక్తం నేరుగా తగిలితే ప్లాటినం మీద ప్రోటీన్లు పేరుకుని అది మొద్దుబారుతుంది. క్లార్క్ దానికి పల్చని పాలిథిన్ పొర కప్పాడు. ఆక్సిజన్ ఆ పొరను దాటి లోపలికి వస్తుంది, ప్రోటీన్లు బయటే ఆగిపోతాయి. అన్నిటికీ తెరుచుకున్న కన్ను మసకబారింది, తెర వేసుకున్న కన్నుకు చూపు ఆనింది.

ఇప్పుడు అమ్మకు షుగరు. జబ్బకు అంటించిన బిళ్ల నుంచి వెంట్రుకలాంటి తీగ చర్మం కిందికి దిగి ఉంది. 1962లో క్లార్క్, లయన్స్ చూపిన దారిలోనే, ఒక ఎంజైము సాయంతో అది గ్లూకోజును పసిగడుతుంది. అయితే అది మునిగి ఉన్నది కణాల నడుమ ఊరే ద్రవంలో. రక్తంలోని మార్పు అక్కడికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పాయసం తీపిని నాలుక మరిచాక ఫోనులో అంకె పైకి లేస్తుంది. శరీరానికి ‘ఇప్పుడు’ అన్నది ఒక్కటే కాదు కాబోలు.

1990 ప్రాంతంలో మార్క్ వైట్‌మన్ బృందం మరింత లోపలికి తొంగిచూసింది. పశువుల అడ్రినల్ గ్రంథి నుంచి తీసిన ఒక్క కణం పక్కన సన్నని కార్బన్ నారను ఆనించి, కణం విడుదల చేసే అడ్రినలిన్ వంటి హార్మోన్ల పొట్లాలను ఒక్కొక్కటిగా కనిపెట్టింది. ఒక్కో పొట్లం మిల్లీసెకన్ల పాటు లేచి పడే కరెంటు. గుండె దడ అని మనం ఒక్క మాటలో చెప్పేదాని వెనుక ఇలాంటి విడివిడి పొట్లాలు ఉన్నాయన్నమాట. నార మీద ఎలక్ట్రాన్లు వదిలిన అడ్రినలిన్ అణువు మాత్రం అడ్రినలిన్‌గా మరే కణాన్నీ పలకరించదు. ఇక్కడ చదివిన ఉత్తరం చిరునామాకు చేరదు.

అందుకే ఈ పరికరాల చిన్నతనంలో నాకు ఒక మర్యాద కనిపిస్తుంది. అమ్మ గరిటెడు పులుసు తాగినా ఉప్పు సంగతి అంతే తెలిసేది. మాకు మిగిలేది మాత్రం తగ్గేది.