శ్మశానమే ఖజానా!

చచ్చినవాళ్లే బలం. పారేసిన ముక్కలే పెట్టుబడి. సియాటిల్ చినుకుల్లో నలుగురు ఓ బల్ల చుట్టూ చేరి ఆడే ఆటలో ఇదో వింత ఎత్తుగడ. ఆ పేకను విప్పి మళ్లీ పేర్చడం ఓ తెలుగు ఇంజినీరుకు నెలరోజుల పని అయింది. ఎందుకంటారా?

రమ్మీలో పారేసిన ముక్క పారేసినట్టే. ఎవరైనా ఎత్తుకుంటే పైనున్న ఆ ఒక్కటే. 'మ్యాజిక్: ద గ్యాదరింగ్'లో అలా కాదు. వాడేసిన మంత్రాలు, యుద్ధంలో చచ్చిన జీవులు... అన్నీ ఆటగాడి పక్కనే కుప్పగా చేరతాయి. ఆ కుప్పను 'గ్రేవ్‌యార్డ్' అంటారు, అంటే శ్మశానం. ఎత్తుగడ తెలిసినవాడికి అది చెత్తకుప్ప కాదు, ఖజానా.

ఈ ఆట పుట్టిల్లు అమెరికాలోని సియాటిల్ ప్రాంతమే. గణితంలో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ దీన్ని రూపొందిస్తే, 'విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్' సంస్థ 1993 ఆగస్టులో మార్కెట్లోకి తెచ్చింది. ఆ సంస్థ ఎదిగింది లేక్ వాషింగ్టన్ దక్షిణపు ఒడ్డున, బోయింగ్ 737 విమానాలు తయారయ్యే రెంటన్‌లో. 1999లో దాన్ని బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొనేసింది.

అదే సరస్సుకు తూర్పున బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ పుణ్యమా అని మనవాళ్లు బాగా కనిపించే ఊళ్లు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. పైన ఆగని చినుకు. అలాంటప్పుడు బెల్‌వ్యూలోని 'మాక్స్ బోర్డింగ్ హౌస్'లోకి అడుగుపెడితే వెచ్చగా ఉంటుంది. ఓవైపు వంటశాల, మరోవైపు అల్మరాల నిండా ఆటలు, మధ్యలో పెద్దపెద్ద బల్లలు. 'మాక్స్' అన్నది 1993 నాటి తొలి కార్డుల్లోని అయిదు మణుల పేరు!

నలుగురు... నలభై ప్రాణాలు

ఇక్కడ ఎక్కువగా కనిపించేది 'కమాండర్' పద్ధతి. 1990ల్లో అలాస్కాలో కొందరు మిత్రులు సరదాగా మొదలుపెట్టారు. 2023లో కన్నుమూసిన షెల్డన్ మెనరీ దీన్ని ఊరూరా పరిచయం చేశారు. 2011లో కంపెనీయే ఈ పద్ధతికి ప్రత్యేకంగా డెక్‌లు అమ్మడం మొదలుపెట్టింది. మామూలుగా నలుగురు ఆడతారు. ఒక్కొక్కరికి నలభై ప్రాణాలు, వంద కార్డులు. అందులో ఒకటి సేనాపతి. మామూలు నేలల కార్డులు తప్ప మిగతా వేవీ రెండోసారి ఉండకూడదు.

గుంటూరు నుంచి వెళ్లిన మన ఇంజినీరు సేనాపతి 'మెరెన్'. 2015లో వచ్చిన కార్డు. తన పక్షాన మరో జీవి చచ్చినప్పుడల్లా అతనికి ఒక అనుభవ గుర్తు వస్తుంది. అతని వంతు ముగిసేటప్పుడు శ్మశానంలోంచి ఒక జీవిని ఎంచుకోవచ్చు. దాని ఖరీదుకు గుర్తులు సరిపోతే నేరుగా యుద్ధరంగంలోకి, లేకపోతే చేతిలోకి వస్తుంది. మెరెన్ చచ్చినా ఆ గుర్తులు పోవు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఒక కప్పతో వచ్చింది! 'స్పోర్ ఫ్రాగ్' అనే చిన్న కార్డు. దాన్ని బలిస్తే ఆ వంతులో యుద్ధాల వల్ల ఎవరికీ దెబ్బ తగలదు. మెరెన్ దాన్ని ప్రతిసారీ లేపుతుంది. మళ్లీ బలి, మళ్లీ జన్మ. ఎదుటివాళ్లు ఎంత సైన్యం కూడగట్టినా వృథా. ఆట గంటలకొద్దీ సాగేది. శుక్రవారం బల్ల దగ్గర ఇతను గెలుస్తూనే ఉన్నాడు... బల్ల మాత్రం ఖాళీ అవుతూ వచ్చింది. కాలేజీ కుర్రాడొకడు ముందు మానేశాడు. తర్వాత తమిళ సహోద్యోగి. పరాయి ఊళ్లో వారానికోసారి దొరికే ఆ నాలుగు గంటల స్నేహం చేజారిపోతోందని అర్థమయ్యాక, వంద కార్డులూ హాల్లో నేలమీద పరిచాడు.

నానమ్మకు తెలిసిన కథే

ఆర్నెల్లు ఉందామని వచ్చిన తల్లికి ఇది నచ్చలేదు. ''దీపాలవేళ శ్మశానమేంట్రా!'' అని కసురుకున్నారు. పదేళ్ల మనవడు మాత్రం తడుముకోలేదు. ''నువ్వు చెప్పిన శుక్రాచార్యుడి కథే నానమ్మా'' అన్నాడు. నిజమే కదా! చచ్చిన రాక్షసులను మృతసంజీవనితో లేపిన గురువు చేసిందీ ఇదే. ఆ విద్య కోసమేగా దేవతలు కచుణ్ని పంపింది! అతన్ని బూడిద చేసి సురలో కలిపినా శుక్రుడు బతికించాడు. ఈ ఆటలో మాత్రం సంజీవని కూడా పనిచేయని చోటొకటి ఉంది. దాన్ని 'ఎక్సైల్' అంటారు. 'బొజూకా బాగ్' అనే నేల కార్డు దిగిందంటే ఒకరి శ్మశానం మొత్తం అక్కడికి పోతుంది. 'రెస్ట్ ఇన్ పీస్' ఉంటే ఇక ఎవరి శ్మశానమూ నిండదు.

అందుకే కొత్త పేర్పులో లెక్క మారింది. ముప్ఫై ఏడు నేలలు. శ్మశానాన్ని నింపేవి పద్నాలుగు... 'స్టిచర్స్ సప్లయర్' వస్తూనూ చస్తూనూ మూడేసి కార్డులు అందులో వేస్తుంది. లేపేవి పన్నెండు... 'రీయానిమేట్' ఒక్క నల్ల శక్తితో ఎంత పెద్ద జీవినైనా లేపుతుంది. కాకపోతే దాని ఖరీదంత ప్రాణం చెల్లించాలి. లేపదగ్గ జీవులు ఇరవై నాలుగు. మిగిలిన పన్నెండూ శ్మశానం లేకపోయినా పనికొచ్చేవే. మెరెన్‌తో కలిపి వంద.

కప్ప పెట్టెలోకి వెళ్లిపోయింది. దాని స్థానంలో 'గ్రే మర్చంట్' వచ్చింది. వచ్చినప్పుడల్లా ప్రత్యర్థులందరి ప్రాణాల్నీ కొంత హరిస్తుంది. అంటే ఆటను ఆపదు, ముగింపు వైపు నడుపుతుంది. తేడా అదే. పేకల బలాన్ని ముందే మాట్లాడుకునేందుకు విజార్డ్స్ 2025లో అయిదు స్థాయులు ప్రకటించిందీ ఇలాంటి తగాదాల కోసమే. 'నాది మూడో స్థాయి' అని ఇతను మిత్రులకు ముందే కబురు పెట్టాడు.

ఆ శుక్రవారం నలుగురూ వచ్చారు. మూడో గంటలో సహోద్యోగి బొజూకా బాగ్ దించి శ్మశానం ఊడ్చేశాడు. మనవాడు ఓడిపోయాడు. కోటు వేసుకుంటూ కాలేజీ కుర్రాడు ''వచ్చే వారం ఎన్నింటికి?'' అని అడిగాడు.

పోయిన జీవిని లేపడానికి ఒక్క కార్డు చాలు. లేచి వెళ్లిపోయిన స్నేహితుణ్ని తిరిగి కూర్చోబెట్టాలంటే మాత్రం మొత్తం పేకనే మళ్లీ పేర్చుకోవాలి!