ఆ ఒక్క వదలని విలువ

ములకలపల్లిలో మా ఇంటి అరుగు మీద మూడు రాత్రులుగా ఒకటే వెతుకులాట. సీ ప్రోగ్రాములో క్విక్‌జేఎస్ పెట్టుకున్నాం. 2019లో ఫాబ్రీస్ బెల్లార్డ్, చార్లీ గోర్డన్ విడుదల చేసిన చిన్న జావాస్క్రిప్ట్ ఇంజిన్. స్క్రిప్టు చక్కగా నడుస్తుంది, రన్‌టైమ్ మూసేటప్పుడే అసెర్షన్ దగ్గర కూలుతుంది. ముందు కంపైలర్ ఆప్టిమైజేషన్‌ని అనుమానించా. తీసేసినా అంతే.

అసలు సంగతి రిఫరెన్స్ కౌంట్. మన చేతికొచ్చిన విలువని మనమే జేఎస్_ఫ్రీవాల్యూతో వదలాలి. ఎర్రరొచ్చి మధ్యలోనే వెనక్కి తిరిగే దారిలో నేనది రాయలేదు. దొరికింది!

చప్పుడు లేకుండా మెమరీ కారిపోవడం కన్నా ఇలా కూలడమే నయం, ఎక్కడ వెతకాలో చెబుతుంది. వాన మొదలైంది. కరెంటు ఉండగానే మిగతా ఎర్రరు దారులూ చూసేయాలి.